ఆ గొంతులు ఇక రావా? పద్యనాటకం రికార్డులకు ఒక ఆడిట్

పద్యనాటకం మాట ఎత్తితే చాలు, మా వయసు వాళ్ళు ఒక నిట్టూర్పు విడిచి "ఆ గొంతులు ఇక రావండీ" అంటారు. మైకు లేకుండా ఊరి పొలిమేర దాకా వినిపించేదట. ఆరు శ్రుతిలో తెల్లవార్లూ పాడినా గొంతు బొంగురుపోయేది కాదట. నాలుక మీద సరస్వతి కొలువై ఉండేదట. ఇన్ని "అట"లు ఒకచోట చేరితే హేతువాదికి అనుమానం రావాలి. నేను ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి. బిల్లు ఎంత పెద్దదైనా సరే, వోచరు లేనిదే పాసు చెయ్యకూడదన్నది మా మొదటి పాఠం. ఈ "ఆ గొంతుల" బిల్లుకు ఉన్న వోచర్లు గ్రామఫోను రికార్డులే. అయితే వోచరు ఉండగానే సరిపోదు, వోచరును కూడా తనిఖీ చెయ్యాలి. ఆ పని చేసినవాళ్ళు మనలో తక్కువ.

యూరపువాళ్ళు ఈ పనిని ఆపెరా విషయంలో వందేళ్ళుగా చేస్తున్నారు. ఒకే పాటను పదిమంది పాడిన రికార్డులు పక్కపక్కన పెట్టుకుని వింటారు, పోట్లాడుకుంటారు, అందులో ఆనందిస్తారు. మన పద్యనాటకం ఆపెరాకు దగ్గరి చుట్టమే. కథ పురాణం, మాట కంటే పాట ఎక్కువ, ప్రేక్షకుడు కథ కోసం కాక గొంతు కోసం వస్తాడు. ఒక్క ముఖ్యమైన తేడా ఉంది. ఆపెరాలో స్వరం కూడా కాగితం మీద రాసి ఉంటుంది, గాయకుడు దాన్ని దాటకూడదు. మనకు రాసి ఉండేది పద్యం ఒక్కటే. రాగం, సాగదీత, విరుపు అన్నీ నటుడి ఇష్టం. కాబట్టి ఇద్దరు కృష్ణుల రికార్డులు పోల్చినప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండేది ఛందస్సు, అర్థం మాత్రమే. పోల్చడం కష్టం, అందుకే సరదా కూడా ఎక్కువ.

ఈ కళ అనాదిగా వచ్చిందనుకునేవాళ్ళ కోసం రెండు తేదీలు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి హిందీ నాటకాలు ఆడి వెళ్ళిపోయింది. వాళ్ళు వదిలి వెళ్ళిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. 1887లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయం ప్రదర్శించారు, పాటలకు పద్యాలకు రంగం మీద పెద్దపీట అక్కడి నుంచే. అంటే మన "సనాతన" పద్యనాటకానికి వయసు నూటనలభై ఏళ్ళ చిల్లర. దాని ప్రాణం అనుకునే హార్మోనియం కూడా యూరపు నుంచి దిగుమతి అయిందే! ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆ పెట్టెను పరదేశిగా నిషేధించింది కూడా.

ఇక వోచర్ల సంగతి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లో ఎన్రికో కరూసో చేత పది పాటలు పాడించాడు. అదే మనిషి అదే సంవత్సరం నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ చేత పాడించాడు. అప్పటికి మైకు లేదు. పెద్ద గరాటా ముందు నిలబడి అరిస్తే, ఆ గాలి ఒత్తిడికి సూది కదిలి మైనం మీద గీత గీసేది. ఆ గరాటా మధ్యస్థాయి శబ్దాలనే పట్టేది, రమారమి 200 నుంచి 2,000 హెర్ట్జ్ దాకా. మన శ, ష, స ల మధ్య తేడా అంతా దానికి పైనే ఉంటుంది. కాబట్టి గరాటా కాలపు రికార్డు ఏదైనా విని "ఉచ్చారణ బాగాలేదు" అని తీర్పు చెప్పడం అన్యాయం. "ఎంత గంభీరమైన గొంతు!" అని మురిసిపోవడం కూడా తొందరపాటే. పై స్థాయి శబ్దాలు కోసేస్తే ఎవరి గొంతైనా గుండ్రంగానే వినిపిస్తుంది. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చాకే మనిషి గొంతు మనిషి గొంతులా రికార్డులోకి ఎక్కింది.

వెర్డి రాసిన ఒథెల్లోను 1887లో మొదటిసారి పాడిన తమాన్యో రికార్డులు 1903లో తీశారు. అప్పటికి ఆయనకు 52 ఏళ్ళు, పక్కన వాద్యబృందం లేదు, పియానో ఒక్కటే. ఆ రికార్డు విని "1887లో ఇలా పాడాడు" అంటే, పదవీ విరమణ రోజు ఫోటో చూసి పెళ్ళికొడుకు అందం గురించి మాట్లాడినట్లు. మనవాళ్ళ విషయంలోనూ ఈ లెక్క అవసరం. కపిలవాయి రామనాథశాస్త్రి నలభై నిండకుండానే పోయారు, ఆయన రికార్డులన్నీ వయసులో ఉన్న గొంతువే. నటించీ నటించీ అలసిన తర్వాత రికార్డింగు గదికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి ఒకడు గొప్ప, ఒకడు తక్కువ అనేస్తాం.

శ్రుతి సంగతి ఇంకా తమాషా. "ఆరు శ్రుతి" అన్న కీర్తికి మూలం కొన్నిసార్లు గొంతు కాదు, రికార్డు తిరిగే వేగం. మొదటి రోజుల్లో నిమిషానికి ఇన్ని చుట్లు అన్న నియమం సరిగ్గా లేదు. 70లో తీసినవీ ఉన్నాయి, 80 దాటినవీ ఉన్నాయి. 70లో తీసిన రికార్డును 78లో తిప్పారనుకోండి. వేగం 11 శాతం పైన పెరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన మనిషి దాదాపు ఆరు శ్రుతిలో వినిపిస్తాడు, మూడు నిమిషాల పద్యం రెండు నిమిషాల నలభై రెండు సెకన్లలో అయిపోతుంది. 1930ల నాటికి వేగం 78 దగ్గర కుదురుకుంది, నిజమే. కానీ తర్వాత వాటిని టేపులోకో కంప్యూటరులోకో ఎక్కించినవాళ్ళు ఏ యంత్రం మీద తిప్పారో ఎవరు చూశారు? స్ప్రింగు వదులైన గ్రామఫోను, పాట చివరికి వచ్చేసరికి నీరసించి శ్రుతి దిగజారే టర్న్‌టేబులు, అన్నీ ఇందులో కలిశాయి.

దీన్ని పట్టుకోవడానికి దైవజ్ఞానం అక్కర్లేదు. హార్మోనియం రీడ్లు స్థిరంగా ఉంటాయి. రికార్డులోని హార్మోనియం షడ్జమం, సరిగా శ్రుతి చేసిన వాద్యంతో పోల్చినప్పుడు రెండు మెట్ల మధ్య ఎక్కడో వేలాడుతుంటే, వేగం తప్పిందని మొదటి అనుమానం. పాట చివర పేరు చెప్పే అలవాటు ఆ రోజుల్లో ఉండేది, గౌహర్ జాన్ ఇంగ్లీషులో చెప్పేది. ఆ మాట చిన్నపిల్ల కీచుగొంతులా వినిపిస్తే రెండో అనుమానం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ వింటే, ఒకచోట గొంతు మనిషిలోకి దిగి వస్తుంది. అలా దిగివచ్చిన గొంతు నాకు ముందుకంటే ఎక్కువ నచ్చింది. అందులో శ్వాస తీసుకోవడం వినిపిస్తుంది, కష్టం వినిపిస్తుంది. సరస్వతి కటాక్షం ఉన్నవాడికి ఊపిరి ఎగబీల్చాల్సిన అవసరమేముంది? సాధన చేసినవాడికే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద అపోహకు వస్తాను. "పాతవాళ్ళు భావం చెడకుండా క్లుప్తంగా పాడేవారు, తర్వాతివాళ్ళు రాగాలు తీసి పద్యాన్ని చంపేశారు" అంటారు. లెక్క చూద్దాం. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలుగా చదివితే ఇరవై సెకన్లు. పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. కంపెనీవాడు ఒక వైపున రెండు మూడు పద్యాలు ఇరికించాలనుకుంటాడు. ఎదురుగా గడియారం, మైనం మీద తప్పుపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇంక రాగం ఎక్కడ తీస్తాడు? అదే 1980ల క్యాసెట్టుకు ఒక వైపు ముప్పై నిమిషాలు. పదిరెట్లు! సాగదీయడానికి చోటు దొరికింది, సాగదీశారు. రికార్డులో క్లుప్తంగా ఉన్న అదే నటుడు రంగస్థలం మీద ఒక పద్యానికి ఎంతసేపు తీసుకున్నాడో రికార్డు చెప్పదు. వన్స్‌మోర్ల గోల చదివినవాళ్ళు, చచ్చిన పాత్ర లేచి మళ్ళీ పాడిన కథలు విన్నవాళ్ళు ఊహించుకోవచ్చు. అభిరుచి పడిపోయిందని మనం దుఃఖిస్తున్న చోట సగం మార్పు మైనం నుంచి టేపుకు మారడం వల్ల వచ్చిందే.

ఒకే మనిషి రంగస్థలం మీద ఒకలా, స్టూడియోలో ఒకలా పాడతాడనడానికి రుజువు ఉందా? మనకు ఆ కాలపు ప్రదర్శనల రికార్డింగులు అరుదు. రష్యన్లకు ఉంది. భిలాయిలో ఉంటూ రష్యన్ల మాట ఎత్తకుండా ఎలా! 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరాక ఉక్కు కర్మాగారంతో పాటు వాళ్ళ పుస్తకాలు, మెలోదియా కంపెనీ ఎల్పీలు కూడా ఈ ఊళ్ళోకి వచ్చాయి. ఆ దారిలోనే నాకు షల్యాపిన్ పరిచయం. ముసోర్గ్‌స్కీ ఆపెరా బొరిస్ గొదునోవ్‌లో చావుబతుకుల్లో ఉన్న రాజు పాత్ర ఆయనది. స్టూడియో రికార్డులు చాలా ఉన్నాయి. 1928 జులై 4న లండన్ కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శన జరుగుతుండగా తీసినవీ ఉన్నాయి. స్టూడియోలో పాడతాడు. రంగస్థలం మీద పాట వదిలేసి గుసగుసలాడతాడు, అరుస్తాడు, తాళం తప్పి మూలుగుతాడు. రెండూ విన్నాక, మూడు నిమిషాల ముక్క విని ఒక రంగస్థల నటుణ్ణి తూచడం ఎంత అవివేకమో తెలిసింది.

మా సెక్టర్ 7లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు. అందులో ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ గారు పీసపాటి నరసింహమూర్తి తప్ప కృష్ణుడే లేడంటారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన షణ్ముఖి ఆంజనేయరాజు పేరు చెప్పనిదే కాఫీ ముట్టరు. నేనేమో బందా కనకలింగేశ్వరరావు పక్షం. తిరుపతి వెంకట కవుల రాయబారం పద్యాలు ముగ్గురూ పాడినవి మా దగ్గర ఉన్నాయి. నా చెవికి బందా కృష్ణుడు వకీలు (అసలు ఆయన వృత్తి కూడా అదే), ఒక్కో మాట విడమరచి కోర్టు ముందు పెడతాడు. పీసపాటి కృష్ణుడు నవ్వుతూ బెదిరిస్తాడు. షణ్ముఖి కృష్ణుడికి తొందర లేదు, యుద్ధం ఆగినా సరే రాగం పూర్తి కావాలి. ఘంటసాల 1967 నాటి శ్రీకృష్ణావతారం సినిమాలో ఇవే పద్యాలు పాడారు. ఆయన మైకుకు పాడతారు, మిగతావాళ్ళు చివరి వరుసలో చాపమీద కూర్చున్నవాడికి పాడతారు. ఎవరు గొప్ప అన్న ప్రశ్న కంటే ఎవరు ఎవరికి పాడుతున్నారన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

ఒక ఆదివారం చిన్న పరీక్ష పెట్టాను. ఎవరు పాడారో చెప్పకుండా అవే పద్యాలు వినిపించాను. అందులో ఒకటి క్యాసెట్ల కాలానిది. దానికి ఆడాసిటీలో పాత రికార్డు చిటపట శబ్దం కలిపి, పై స్థాయిలు కొంచెం కోసి పెట్టాను. అందరూ ఒక్కగొంతుతో "ఇదీ గొంతంటే! ఇది ముప్పైల నాటిది" అన్నారు. చిటపట తీసేసి అదే పద్యం మళ్ళీ పెడితే ఫోర్‌మన్ గారు లేచి నిలబడ్డారు. "ఏటండీ ఇది అకౌంటెంటు గారూ, మా చెవుల్తోటే మమ్మల్ని మోసం చేసేస్తారా?" "మోసం నేను చెయ్యలేదండీ, చిటపట చేసింది" అన్నాను. నవ్వారు కానీ, తర్వాతి ఆదివారం ఆయనే తన క్యాసెట్లు సంచిలో వేసుకొచ్చి "వీటిక్కూడా ఆడిట్ చెయ్యండి" అన్నారు.

తక్కువగా వినే రికార్డుల్లో స్థానం నరసింహారావువి ఉన్నాయి. ఆడవేషాలకు పేరుపడి 1956లో పద్మశ్రీ అందుకున్న మనిషి. శ్రీకృష్ణ తులాభారం నాటకానికి మీరజాలగలడా అన్న పాటను ఆయనే స్వయంగా రాసుకుని చేర్చారు. 1966 సినిమాలో అదే పాట జమునకు సుశీల పాడారు. మనకు చెవిలో మిగిలింది సుశీల గొంతే. స్థానం రికార్డు మొదటిసారి వింటే నిరాశే, మగగొంతు అని తెలిసిపోతుంది. నాలుగోసారి వినేటప్పుడు నాకు తెలిసిందేమిటంటే, ఆయన ఆడగొంతును అనుకరించడం లేదు. సత్యభామ గర్వాన్ని అనుకరిస్తున్నారు. సుశీల పాటలో తీపి ఎక్కువ, గర్వం తక్కువ. వేషం కనబడని రికార్డులో ఆయన నటనలో సగం పోయింది, అయినా ఆ మిగిలిన సగం చాలు.

కనబడనిది పోతుందనడానికి మా పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. పండవానీ గాయని తీజన్ బాయి పుట్టింది భిలాయి దగ్గర గనియారి గ్రామంలో, ఉద్యోగం చేసింది భిలాయి ఉక్కు కర్మాగారంలో. 2019లో పద్మవిభూషణ్. అదే మహాభారతం, కానీ చేతిలో తంబూరా ఒక్కటే, అదే గద, అదే రథం. ఆడియో క్యాసెట్టులో తంబూరా గద అవడం ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి, ఆ కథల్లో కథానాయకుడు రాయబారం నడిపే కృష్ణుడు కాదు, భీముడు. దర్బారులో వాదించేవాడి కంటే ఒంటి బలం ఉన్నవాడు పల్లె జనానికి దగ్గర. మన పద్యనాటకంలో భీముడికి ఏపాటి పద్యాలున్నాయో గుర్తు చేసుకోండి.

"హేతువాదివి, నీకు ఈ దేవుళ్ళ పద్యాలెందుకు?" అని మన సంఘం మిత్రుడొకరు అడిగారు. మంచి ప్రశ్నే. రాయబారం వినడానికి కృష్ణుణ్ణి నమ్మక్కర్లేదు, అది రాజకీయం. సత్యహరిశ్చంద్ర అంత తేలిక కాదు. ఇచ్చిన మాట కోసం పెళ్ళాన్ని, కొడుకును అమ్ముకున్నవాణ్ణి సత్యసంధుడని ఏడుస్తూ చూస్తాం. బలిజేపల్లి లక్ష్మీకాంతం కవిత్వం మీద నాకు గౌరవమే, డి.వి.సుబ్బారావు కాటిసీను మొదలుపెడితే పనులు మానుకుని వింటాను. అయినా ఆ కథ నీతి నాకు మింగుడుపడదు. రాజు కష్టాలకు పరాకాష్ఠ ఏమిటి? వీరబాహుడికి, అంటే ఒక అంటరానివాడికి, బానిస కావడం. ప్రేక్షకుడి కన్నీళ్ళకు సగం కారణం ఆ అవమానమే. అంటే పుట్టుకతో ఆ పనిలో ఉన్నవాడి కోసం ఒక్క చుక్క కూడా రాలదన్నమాట.

సరిగ్గా ఆ చోటే ఒక విచిత్రం జరిగింది. కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు కొన్ని బలిజేపల్లివి కావు. గుర్రం జాషువా శ్మశానవాటిక ఖండిక లోనివి. నాటకం రాసినప్పుడు లేవు, తర్వాత నటులు చేర్చుకున్నారు. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరిట జీవితమంతా అవమానాలు పడి, 1941లో గబ్బిలం రాసిన ఆ జాషువాయే. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు ఈ ఊళ్ళో వల్లకాడొక్కటే అని ఆయన పద్యం చెబుతుంది. అంటరానివాడి బానిసనయ్యానని కుమిలే రాజు నోట ఆ మాట! నాటకం నడిచే దారికి ఎదురుగా, దాని నడిబొడ్డునే జాషువా నిలబడ్డారు. నటులు ఇది తెలిసి చేశారా, పద్యం బాగుందని చేశారా అన్నది వేరే సంగతి. జనం మాత్రం వన్స్‌మోర్ కొట్టారు.

నేను ఉద్యోగంలో ఉండగా కొన్న ఒక హరిశ్చంద్ర క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. కంపెనీ పేరెందుకు. అట్ట మీద నటుల పేర్లు, హార్మోనియం వాయించినవారి పేరు, మూలకవిగా బలిజేపల్లి పేరు ఉన్నాయి. జాషువా పేరు లేదు. ఆయన పద్యాలు మాత్రం లోపల ఉన్నాయి, అవే ఎక్కువ అరిగాయి. మా ఆఫీసులో అయితే దీన్ని తప్పు ఖాతాలో జమ అంటాం. మొత్తం ఎంత చిన్నదైనా సవరణ వోచరు వేసేదాకా ఫైలు మూయం. ఇక్కడ జమ అయింది పైసలు కావు, జనం చప్పట్లు. కాటిసీను పద్యాలు కంఠతా వచ్చిన ఫోర్‌మన్ గారికి కూడా అవి జాషువావని తెలియదు. చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మా ఊళ్ళో ఆయన్ని పద్యం పాడనిచ్చారు గానీ, అరుగెక్కనిచ్చేవోరు కాదండి" అన్నారు.

ఆ క్యాసెట్టు అట్ట మీద జాషువా పేరు పెన్నుతో రాశాను. మీ ఇళ్ళలో హరిశ్చంద్ర రికార్డులు, ఎల్పీలు, క్యాసెట్లు ఉంటే దయచేసి బయటకు తీయండి. లేబులు మీద కవుల పేర్లు ఎవరివి ఉన్నాయో, పాత రికార్డు అయితే లేబులు చుట్టూ ఖాళీ జాగాలో చెక్కిన సంఖ్య ఏమిటో రాసుకోండి. రికార్డింగు ఏ వరుసలో జరిగిందో ఆ సంఖ్యను బట్టే తెలుస్తుంది. జాషువా పద్యాలు కాటిసీను రికార్డుల్లోకి మొదట ఎప్పుడు ఎక్కాయో, ఆయన పేరు వేసిన లేబులు ఒక్కటైనా ఉందో లేదో తేల్చడానికి ఉన్న దారి అదే. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు మాత్రం ముందు టర్న్‌టేబులు వేగం సరిచూసుకోండి.